జంబో సంచికి బుగ్గ పరీక్ష

మానవజాతి మొదట నిప్పును కనిపెట్టింది, తర్వాత చక్రాన్ని కనిపెట్టింది, ఆ పైన ఏ నిప్పు కొనాలో ఏ చక్రం కొనాలో తేల్చడానికి కమిటీని కనిపెట్టింది. (కమిటీ ముందే పుట్టి ఉంటే ఈపాటికీ మనం పచ్చివే నములుతూ ఉండేవాళ్లమని గిట్టనివాళ్లు అంటారు.)

మా ఫ్యాక్టరీలో తయారయ్యేది తెల్లపొడి. దాన్ని టన్ను పట్టే జంబో సంచుల్లో నింపి, క్రేన్‌తో లేపి లారీలోకి దించుతారు. సంచికున్న నాలుగు చెవులనూ కొక్కేనికి తగిలించి, అది ఊగకుండా చేత్తో పట్టి నడిపించేది మా అక్క మొగుడు. టన్ను బరువుకీ మా బావకీ మధ్య ఉండేది ఒక్క గుడ్డ.

ఇన్నాళ్లూ అది నేసిన గుడ్డ. ఈమధ్య నేయని గుడ్డ సంచులు కూడా వచ్చాయి. నేత లేకుండా, పీచును పరిచి వేడితో అతికించిన గుడ్డ. మూతికి కట్టుకునే మాస్కులు చేసేది దాంతోనే. రెంటిలో ఏది కొనాలో తేల్చడానికి సంచి ఎంపిక సంఘం ఏర్పడింది. కొత్తగా పద్ధతి రాసుకోవడం దండగని, మీటింగు హాలుకు కర్టెన్లు కొన్నప్పటి పద్ధతినే అమలు చేయాలని సంఘం తీర్మానించింది. (కర్టెను అని ఉన్న చోటల్లా సంచి అని చదువుకోవలెను.) ఆ కర్టెన్లు కొన్న పెద్దాయనే ఈ సంఘానికీ అధ్యక్షుడు. ఫ్యాక్టరీ అంతా ఆయన్ని కర్టెన్ల సారు అంటుంది. తీర్మానాలు రాసుకునే గుమాస్తాను నేను.

పద్ధతి ప్రకారం సంచి గోడ రంగుకు నప్పాలి, కిటికీకి అడ్డం పెడితే వెలుతురు తగుమాత్రంగా రావాలి, బుగ్గకు రాసుకుంటే గరగరలాడకూడదు. కర్టెన్ల సారు నేసిన సంచిని బుగ్గకు రాసుకుని ముఖం చిట్లించారు. నేయని సంచిని రాసుకుని కాసేపు కళ్లు మూసుకున్నారు. సభ్యులందరూ వరసగా బుగ్గలు అప్పగించారు. (అకౌంట్స్ ఆఫీసరు గడ్డం గీసుకోకుండా వచ్చినందున ఆయన బుగ్గను తటస్థంగా పరిగణించారు.)

వాడకందార్ల ప్రతినిధిగా మా బావను పిలిచారు.

"ఒక్కసారి నింపి ఎత్తి చూడండి సార్. దాని పక్కన నిలబడేది నేను" అన్నాడు బావ.

"నింపితే మాసిపోదటయ్యా? నమూనా సరుకు మచ్చ పడకుండా తిప్పి పంపాలని రూలు" అన్నారు కర్టెన్ల సారు.

"పోనీ ఇసకన్నా పోసి..."

"ఇసకైతే మరీ మాసిపోతుంది. సరే, నీ తృప్తి కోసం ఎత్తిద్దాంలే."

రెండు ఖాళీ సంచులనూ క్రేన్ ఎత్తింది. రెండూ సునాయాసంగా లేచాయి. బలపరీక్షలో రెండూ సమానమని తేలడంతో, బుగ్గల తీర్పే ఖాయమైంది.

సాయంత్రం అక్క నన్ను దులిపేసింది. "అది పడేది వాళ్ల బుగ్గల మీదా, ఈయన నెత్తి మీదా? అక్కడే కూచుని ఏం చేశావురా?"

"నాది రాసుకునే పనేనే అక్కా."

"తగలబెట్టు నీ రాత!"

"ఊరుకోవే, అంతమంది పెద్దవాళ్లు చూశారుగా" అన్నాడు బావ. అంటూనే నెత్తి తడుముకున్నాడు.

కొత్త సరుకులో మొట్టమొదటి సంచి లారీ అంచు దాకా చక్కగా లేచింది. అక్కడ సంచి అడుగు చిరిగింది. బావ పక్కకు దూకాడు గానీ, కాలు వెనకబడింది. పొడిలోంచి లాగేసరికి తొడ ఎముక విరిగి ఉంది, మనిషి మాత్రం దక్కాడు.

విచారణ జరిపింది కూడా సంచి ఎంపిక సంఘమే. (గుడ్డ గురించి అంత అనుభవం మరెవరికీ లేదు కదా.) సంచి చెవులు నాలుగూ కొక్కేనికి చెక్కుచెదరకుండా వేలాడుతున్నాయనీ, కింద పడింది పొడి మాత్రమేననీ, కాబట్టి లోపం పొడిలోనే ఉందనీ తేల్చారు. అది రాసింది నేనే. రాస్తుంటే ఒళ్లు మండిపోయింది.

మర్నాడు సంఘం మొత్తం ఆసుపత్రికి పరామర్శకు వచ్చింది. కాలికి బరువు కట్టుకుని బావ కదలకుండా పడుకున్నాడు. పక్కన అక్క ఎవరి ముఖమూ చూడకుండా కూర్చుంది. కర్టెన్ల సారు మంచం దగ్గరకు వెళ్లి, బావ మీద కప్పిన, మాస్కు గుడ్డలాంటి పల్చటి నీలం దుప్పటిని చూసి ఆగారు. వంగి దాని అంచును బుగ్గకు రాసుకున్నారు. కాసేపు కళ్లు మూసుకున్నారు.

"చూశావామ్మా, ఆసుపత్రివాళ్లూ మా గుడ్డే ఎంచుకున్నారు" అన్నారు అక్కతో.