తలవైపు లేని బల్ల

ప్రపంచశాంతిని ఆదివారం మధ్యాహ్నం భోజనాల వేళకల్లా ఇంట్లో దింపెయ్యాలని వడ్రంగి పెద్దాయన పొద్దున్నే నిశ్చయించుకున్నాడు. దేశాలు కొట్టుకు చస్తున్నది పొడుగు బల్లల వల్లేనని ఆయన సిద్ధాంతం. పొడుగు బల్లకు తలవైపు ఒకటుంటుంది, అక్కడ ఎవరు కూర్చోవాలన్న దగ్గరే పేచీ. గుండ్రటి బల్లకు ఆ బెడద లేదు. ముందు ఇంట్లో నిరూపించి, ఆ తర్వాత దేశాధినేతలకు ఉత్తరాలు రాద్దామనుకున్నాడు.

నిరూపించడానికి ఇంట్లో సరుకు పుష్కలంగా ఉంది. ఇద్దరు కొడుకులూ మాట్లాడుకోక రెండేళ్లయింది. ఎందుకో ఇద్దరూ మరిచిపోయారు గానీ పంతం మాత్రం మరవలేదు. వాళ్లు ఒక్క పూట ఎదురెదురుగా కూర్చుని తింటే చూడాలని ఆయన ప్రాణం కొట్టుకుంటోంది.

అందుకోసం మూడు నెలలుగా షెడ్డులో కూర్చుని గుండ్రటి బల్ల చేశాడు. ఇంటిల్లిపాదీ మోచేతులు తగలకుండా కూర్చోవాలని ఒక్కొక్కరి భుజాలూ టేపు పెట్టి కొలిచాడు. బల్ల అడ్డంగా ఎనిమిదడుగులు తేలింది. తీరా నలుగురు మోసుకొచ్చాక చూస్తే గుమ్మం ఎత్తు ఆరున్నరే. నలభై ఏళ్ల కిందట ఆ గుమ్మం నిలబెట్టింది కూడా ఆయనే.

"అందరి భుజాలూ కొలిచారు, గుమ్మాన్ని వదిలేశారు" అంది భార్య.

గుమ్మం పెకలిద్దామని పెద్దవాడు తల్లితో అన్నాడు. కిటికీ తీసేద్దామని చిన్నవాడు, అదీ తల్లితోనే అన్నాడు. గుమ్మం పెద్దవాడి గది పక్కన, కిటికీ చిన్నవాడి గది పక్కన. గుమ్మం పెకలించడం హాలు కలుపుకోవడానికేనని చిన్నకోడలికి అనుమానం వచ్చింది. కిటికీ పగలగొట్టడం వేరుకాపురానికి దారి చేసుకోవడమేనని పెద్దకోడలు తేల్చేసింది. అరగంటలో పాత తగాదా దేనికొచ్చిందో కూడా అన్నదమ్ములిద్దరికీ గుర్తొచ్చింది.

పెద్దాయన మెట్ల మీద కూలబడ్డాడు. సొంత కొడుకులనే కూర్చోబెట్టలేనివాడు లోకాన్ని కూర్చోబెడతాడా? ఆయన మనసు విరిగిపోయింది. లేచి రంపం అందుకున్నాడు.

"సగానికి కోసేస్తాను. పట్టుకోండి" అన్నాడు.

కొడుకులిద్దరూ చెరోవైపు పట్టుకున్నారు. సగం దూరం వెళ్లేసరికి రంపం బిగుసుకుంది.

"కాస్త పైకెత్తు అన్నయ్యా" అన్నాడు చిన్నవాడు.

"ఎత్తాను. నీ వేళ్లు జాగ్రత్తరా" అన్నాడు పెద్దవాడు.

రెండేళ్ల తర్వాత అన్నదమ్ములు ఒకరితో ఒకరు అన్న మొదటి మాటలవి. పెద్దాయనకు కళ్లు మసకబారాయి. మిగిలిన సగాన్ని వీలైనంత నెమ్మదిగా కోశాడు. ఎంత నెమ్మదిగా కోసినా నాలుగడుగులే కదా, అయిపోయింది.

సగం బల్ల గోడకు ఆనిస్తే తప్ప నిలబడదు గనుక, ఒకటి ఈ గోడకూ ఒకటి ఆ గోడకూ చేర్చారు. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఒక్క గొడవా లేదు. అన్నదమ్ములిద్దరూ చెరో గోడను చూస్తూ ప్రశాంతంగా భోంచేస్తున్నారు.