గోడ మీద కోటు

శుక్రవారం పొద్దున బస్సెక్కగానే గైడు ఆగ్నెశ్ మైకు పుచ్చుకుని ఆ రోజు పని చెప్పింది. పదింటికి ఊళ్ళో పాత యూదుల శ్మశానం, పదకొండున్నరకి మళ్ళీ బస్సు, మూడింటికల్లా బుడాపెస్ట్. సూర్యుడు దిగేలోగా సబ్బాతు దీపాలు వెలిగించాలి. ఆ తరవాత మర్నాటి చీకటి దాకా విశ్రాంతి దినం, ఎవరూ బండెక్కరు, ఫోను ముట్టుకోరు.

నోగాకి ఇదంతా పండగలా ఉంది. పెళ్ళై మూడు వారాలు. నాలుగు దేశాలు చుట్టి తాతముత్తాతల ఊళ్ళు చూపించే ఈ యాత్రలో సగటు వయసు డెబ్భై ఆరు. అయితేనేం, కిటికీ పక్కన సీటుంది, గసగసాల రొట్టె ఉంది, భుజం మీద మొగుడు ఎలీషా తల ఉంది. హనీమూన్‌కి ఇంకేం కావాలి?

టికెట్లు కొన్నది ఎలీషా తాతయ్య గెర్షోన్. వాళ్ళ ఊరు హైఫాలో ఆ రాత్రే ఆయన తొంభయ్యో పుట్టినరోజు భోజనం. ఆయన కోరింది ఒక్కటే: తాను ఎన్నడూ చూడని తన తాత సాలమన్ కాట్జ్ సమాధి ఫొటో, దీపాల వేళకి ముందు. కాట్జ్‌లది యాజకుల వంశం. చావు మైల తగలకూడదని ఆ మగవాళ్ళు శ్మశానంలో అడుగు పెట్టరు. కనక ఎలీషా గోడ బయటే ఉండాలి. భారమంతా కొత్త కోడలిదే.

"రాయి మీద దీవిస్తున్న రెండు చేతులుంటాయి తల్లీ, యాజకుల గుర్తు" అని ఆయన మరీ మరీ చెప్పాడు.

గేటు దాటగానే రెండు చేతులు కనబడ్డాయి. కింద పేరున్న చోటంతా ఎర్రటి తీగ అల్లుకుంది. ఆ ఆకులు ఎంత ముద్దుగా ఉన్నాయంటే వాటిని తప్పించడానికి నోగాకి మనసొప్పలేదు. ఆనవాయితీగా సమాధి మీద మూడు గులకరాళ్ళు పెట్టి, ఫొటో తీసి, "దొరికాడు తాతయ్యా!" అని పంపేసింది.

బస్సు పాతిక కిలోమీటర్లు పోయాక ఫోను మోగింది.

"తల్లీ, బొమ్మ పెద్దది చేసి చూశాం. ఆకుల సందున కోన్ అని ఉంది. ఇగ్నాట్స్ కోన్!"

"ఆయనెవరు తాతయ్యా?"

"వాడూ యాజకుడే. ప్రార్థన మందిరంలో కిటికీ పక్క సీటు కోసం మా తాతతో పదకొండేళ్ళు పోట్లాడినవాడు. మా చెల్లెళ్ళిద్దరూ వాణ్ణే తాతనుకుని, ఫొటో చూసినప్పట్నించీ ఏడుస్తున్నారు. వాణ్ణి ఎదురుగా పెట్టుకుని నేను కేకు కొయ్యాలా?"

నోగా ఫోను పెట్టేసి పక్కకి చూసింది. ఎలీషా నిద్రపోతున్నాడు. అంతకుముందే "మా ఆవిడకి రెండు నిమిషాల్లో దొరికేసింది" అని బస్సంతా చాటాడు. ఇప్పుడేమని చెప్పడం? ఒళ్ళో ఉన్న ఊలు చేతి తొడుగు వంక చూసింది. పెళ్ళి ఉంగరం తీసి మెల్లిగా అందులోకి జార్చి, తొడుగు వేసేసుకుంది.

"అయ్యో, నా ఉంగరం! శ్మశానంలో పడిపోయినట్టుంది!"

రెండో సీటులో ఉన్న ఎనభై ఒక్కేళ్ళ జెల్డా దిగ్గున లేచింది. "మూడు వారాల పెళ్ళికూతురి ఉంగరమా! లాట్సీ, బస్సు తిప్పు!"

"నన్ను బండి నడపమన్నారు, గుండ్రంగా తిప్పమనలేదు" అని డ్రైవరు లాట్సీ సణిగాడు. అయినా తిప్పాడు.

తాను మళ్ళీ ఒకసారి లోపలికి వెళ్ళొస్తే చాలనుకుంది నోగా. నలభై మందీ దిగారు. బిన్యామిన్ అనే రిటైర్డు లెక్కల మాస్టారు గొడుగుతో గీతలు గీసి శ్మశానాన్ని వాటాలు వేశాడు. జెల్డా నొప్పి మోకాలితో గడ్డిలో కూచుని తడుముతోంది. శ్మశానం తాళాలు చూసుకునే ఇలోంకా ఆకులు లాగే దంతె తెచ్చింది. తరవాత లోహం కనిపెట్టే మిషనుతో సహా మరిదిని తెచ్చింది. దానికి ఏడు సీసా మూతలు, ఒక గుర్రపు నాడా దొరికాయి. ప్రతిదానికీ నలభై మంది ఊపిరి బిగబట్టారు.

నోగా మాత్రం నేల వంక చూడకుండా రాళ్ళే చదువుతోంది. వెనక గోడ మీదుగా లోపలికి వేలాడుతున్న ఎలీషా గోధుమరంగు కోటు మూడుసార్లు కనబడింది. మూడుసార్లూ దానికి ఒక ముద్దు విసిరింది.

"పావుగంటలో బయల్దేరకపోతే సబ్బాతు రోడ్డు మీదే!" ఆగ్నెశ్ గేటు దగ్గర్నించి కేకేసింది.

ఇక నోగా వల్ల కాలేదు. గోడ దగ్గరికెళ్ళి, అవతల నిలబడ్డ మొగుడితో ఏడుపు గొంతుతో చెప్పేసింది.

"ఉంగరం పోలేదు. తాతయ్యగారి తాత పోయాడు."

"ఆయన పోయి తొంభై అయిదేళ్ళు దాటింది కదే!"

"అబ్బా, సమాధి! నేను పంపింది కోన్‌ది. కాట్జ్ ఎక్కడా లేడు."

దంతెతో ఆకులు ఊడుస్తూ పక్కకొచ్చిన ఇలోంకా ఆగింది. "కాట్జా? పొద్దున్నే అడగొద్దూ! యాజకులంతా గోడవారనే ఉంటారు. వాళ్ళ పిల్లలు లోపలికి రాలేరుగా, బయట నిలబడే చూసుకోవాలని. ఆ కోటు తియ్యవయ్యా."

ఎలీషా కోటు లాగాడు. గోడకి ఆనుకుని ఉన్న రాయి మీద దీవిస్తున్న రెండు చేతులు. కింద స్పష్టంగా, సాలమన్ కాట్జ్.

"పొద్దున కూడా ఇక్కడే వేశావా?"

"మరి? నువ్వు తిరుగుతుంటే చూడ్డానికి మోచేతులకి మెత్తగా ఉండొద్దూ?"

నోగాకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఫొటో తీయడానికి తొడుగు లాగింది. ఉంగరం ఎగిరి తాతగారి రాయి మీద టంగుమని పడింది.

"దొరికింది!" జెల్డా కేకకి చెట్ల మీది కాకులు లేచాయి. నలభై మందీ చప్పట్లు కొట్టారు, ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు. ఎక్కణ్ణించి పడిందని ఎవరూ అడగలేదు.

బస్సు దీపాల వేళకి పది నిమిషాల ముందు హోటలు చేరింది. హైఫా నుంచి జవాబు దారిలోనే వచ్చింది: "చూశాను తల్లీ. మా నాన్న చేతులూ అచ్చం అలాగే ఉండేవి. కోన్ మీద పెట్టిన రాళ్ళు అలాగే ఉండనీ. పదకొండేళ్ళు చాల్లే."

నోగా తేలిగ్గా ఊపిరి పీల్చుకుని ఎలీషా భుజం మీద తల వాల్చింది. అప్పుడు ముందు సీటులోంచి జెల్డా నెమ్మదిగా వెనక్కి తిరిగి, నోగా చేతి తొడుగు వంక చాలాసేపు చూసింది.

మిగిలిన యాత్రంతా, ఆ నవంబరు చలిలో, నోగా ఉత్త చేతులతోనే తిరిగింది.