మేకు చిల్లుకు వడ్డీ

ఆ ఉదయం దర్జీ వేసుకున్న పథకం చాలా చిన్నది. మేడ దిగి, ఇల్లు ఖాళీ చేస్తున్నామని ఇంటాయనకు చెప్పి, అడ్వాన్సు వడ్డీతో సహా అడిగి తెచ్చుకోవాలి. సాయంత్రంలోగా అది చేతికి రాకపోతే మాట్లాడుకున్న కొత్త కొట్టు ఇంకొకరి పాలవుతుంది. వడ్డీ ఇచ్చి తీరాలని ఆ ఊళ్లో చట్టమైతే ఉంది కానీ, నోరు విప్పి అడిగిన మగాడు ఆ వీధిలో ఇంతవరకూ పుట్టలేదు.

గుమ్మం దాటబోతూ గోడకున్న మేకు చిల్లు చూసి ఆగిపోయాడు. "దీన్ని సాకు చేసుకుని అడ్వాన్సులో కోత పెడతాడేమోనే!"

"కాపురమున్న ఇంట్లో మేకు కొట్టనివాళ్లెవరండీ? వాడకానికి కోత ఉండదు. ముందెళ్లి అడగండి," అంది భార్య.

వింటేగా! రంగుల కొట్టుకు పరుగెత్తి అరువు మీద డబ్బా తెచ్చి, చిల్లు పూడ్చి పైన రంగు పూశాడు. అతుకు కొట్టొచ్చినట్టు కనిపించింది. చిరిగిన కోటును చిరగనట్టే కుట్టి ఇచ్చే చెయ్యి అది. అతని అతుకును ఇన్నేళ్లలో పట్టుకున్నవాడు లేడు. ఇక పరువు పోతుందని గోడంతా పూశాడు. దాని పక్కన మిగతా గోడలు వెలవెలబోయాయి. మళ్లీ కొట్టుకు పరుగెత్తి వాటికీ పూశాడు. నేల కడగబోతే రంగునీళ్లు తూములోంచి దూకి, కింద ఆరేసిన ఇంటాయన తెల్లచొక్కాల మీద పడ్డాయి.

ఇంటాయన కేకలేస్తూ మెట్లెక్కి వచ్చాడు. దర్జీ నీరుగారిపోయాడు. "తప్పైపోయింది బాబాయ్‌గారూ. ఇల్లు ఖాళీ చేస్తున్నాం. వడ్డీ వద్దులెండి, అడ్వాన్సు అసలు ఇప్పించండి చాలు."

"ఎందుకొద్దు?" భార్య ముందుకొచ్చింది. "చొక్కాలు పాడుచేశాం, కొత్తవి కుట్టి ఇస్తాం. అది మా బాకీ. అడ్వాన్సు మా డబ్బు, వడ్డీ మీ బాకీ. దానికీ దీనికీ ముడిపెట్టకండి బాబాయ్‌గారూ. కాదంటారా, కోర్టుకు దారి నాకూ తెలుసు."

ఇన్నాళ్లూ తన పక్కన కూర్చుని కాజాలు కుట్టిన మనిషేనా ఈమె! దర్జీకి గర్వంతో ఒళ్లు పొంగిపోయింది. ఇంటాయన గొణుక్కుంటూ దిగి వెళ్లి, వడ్డీతో సహా తెచ్చి ఆమె చేతిలోనే పెట్టాడు. అప్పుడు గది నలువైపులా చూశాడు.

"మేకు చిల్లుకా ఇదంతా? మీరు కదలగానే ఈ వాటా పడగొట్టిస్తున్నానయ్యా!"

దర్జీ రవ్వంత కూడా బాధపడలేదు. కొట్టు దక్కింది. వీధిలో వడ్డీ వసూలు చేసిన మొదటి ఇల్లాలికి మొగుణ్నని తలెత్తుకుని నడిచాడు. ఆ వడ్డీని రంగుల కొట్టువాడు లెక్కపెట్టుకున్నాడు.