ఎమ్మిగనూరు బస్సులో కొత్తవాళ్లు

మంగళవారం పొద్దున జ్యోత్స్న పిల్లలిద్దరినీ బడికి పంపి, అత్తగారికి అన్నం వండి మూతపెట్టి, మొగుణ్ణి తలుపు చాటుకు పిలిచి మూడోసారి పాఠం చెప్పింది. పత్తి మిల్లులో మిషన్ మరమ్మతుకు వచ్చిందని సామ్సన్‌కు ఆ రోజు సెలవు. అలాంటి రోజు మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో ఎవరికీ తెలియదు.

"విడివిడిగా బస్సెక్కల్ల. నేనెవురో నీకు తెల్దు, నువ్వెవురో నాకు తెల్దు. వచ్చి నా పక్కన కూసోని మాట కలపల్ల. ఎమ్మిగనూర్లో దిగినాంక లాడ్జికి పోదాం. అర్థమైనాదా?"

"లాడ్జిలో గూడా తెల్దనే సెప్పల్లనా?"

"ఆడ మొగుడూ పెండ్లామే! ఆధార్ కార్డులు సూపియ్యల్ల కదా. నీ తల!"

పదకొండేళ్ల కాపురం వాళ్లది. ఆదోనిలో ఒకటే గది, మధ్యలో చీర తెర, తెరకు అవతల అత్తగారి దగ్గు. ఎప్పుడైనా మనసైతే పిల్లలు నిద్రపోయారో లేదోనని చెవులు రిక్కించి, దొంగతనానికి వచ్చినవాళ్లలా హడావిడిగా ముగించి, చెరో గోడవైపు తిరిగి పడుకోవడం. ప్రతిసారీ అదే వరస. ఇంతకీ ఏమైనా జరిగిందా అని జ్యోత్స్నకు ఒక్కోసారి అనుమానం కూడా వచ్చేది. కాపురంలో కొత్తదనం కావాలంటే ఒక పూట ముక్కూమొహం తెలియనివాళ్లలా కలుసుకోండని ఫోన్లో చూసిన వీడియోలో ఎవరో డాక్టరమ్మ చెబితే ఆమెకు ప్రాణం లేచివచ్చింది. మొగుడు తనను మొదటిసారి చూసినట్టు ఒక్కసారి చూడాలి. ఆమె కోరిక అంతే.

జ్యోత్స్న ముందుగా బస్సెక్కి, కార్డు చూపించి ఉచిత టికెట్టు తీసుకుని, పక్క సీటు ఖాళీగా ఉంచుకుని కూర్చుంది. తల నున్నగా దువ్వుకుని, చేతిలో ఒక సంచితో సామ్సన్ ఎక్కాడు. ఆమెను చూశాడు. చూసి, మూడు వరుసల ముందు ఒక ముసలాయన పక్కన కూలబడ్డాడు. మెడ కూడా తిప్పలేదు. సిగ్గట. పదకొండేళ్ల తర్వాత, ఇద్దరు పిల్లల తండ్రికి! జ్యోత్స్నకు ఒళ్లు మండిపోయింది.

ఊరి చివర స్టాపులో సారమ్మ ఎక్కింది. ఆమె సామ్సన్‌కు మేనత్త. బంధువుల్లో ఎవరింట కూర మాడినా ముందు ఆమెకే తెలియాలి. ఎక్కుతూనే ఇద్దరినీ చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏమ్‌రా సామ్సనూ, నువ్వీడ, పెండ్లాం ఆడ కూసున్యారే?"

సామ్సన్ ఉలిక్కిపడ్డాడు. పొద్దున్నుంచి వల్లించిన పాఠం తప్ప ఇంకేమీ నోటికి రాలేదు.

"ఆమెవురో నాకు తెల్దత్తా."

బస్సులో జనమంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగి చూశారు. జ్యోత్స్న కిటికీ కమ్మీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. సారమ్మ వచ్చి పక్కన కూర్చుని ఏమైందని అడిగితే, అంతమంది మధ్య ఏం చెబుతుంది?

"తర్వాత మాట్లాడదాం లే అత్తా," అంది.

సారమ్మకు అది చాలు. జ్యోత్స్న అన్న, ఎమ్మిగనూరులో ఆటో తోలే సుధాకర్‌కు అప్పటికప్పుడు ఫోన్ చేసింది.

"మీ సెల్లెల్ని ఇడిసిపెట్టినాడప్పా! పెండ్లామెవురో తెల్దంట! బస్సులో అందరూ ఇన్యారు!"

బస్సు దిగేసరికి ఆటో ఎదురుగా ఉంది. అందులో చర్చి సంఘం పెద్ద అయ్యన్న తెల్లచొక్కా వేసుకుని సిద్ధంగా కూర్చున్నాడు. "ఎక్కు బావా," అన్నాడు సుధాకర్, పళ్లు బిగించి. సారమ్మ ఎవరూ పిలవకుండానే ఎక్కింది. ఆటో లాడ్జి ముందు నుంచే పోయింది. జ్యోత్స్న ఆ బోర్డు వంక మలుపు తిరిగేదాకా చూసింది.

మొగుడూ పెళ్లాలు గొడవపడితే ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది. ముందు ప్రార్థన. తర్వాత చెరో చాప. ఇద్దరూ తలా ఒక ఫిర్యాదు చెప్పేదాకా ఎవరూ చాప మీద నుంచి లేవకూడదు. సుధాకర్ ఇంట్లో చాపలు పరిచారు. పదకొండున్నర అయింది, పన్నెండున్నర అయింది. ఇద్దరి దగ్గరా ఫిర్యాదు లేదు. నాలుగింటికి పిల్లలు బడి నుంచి వస్తారు. జ్యోత్స్నకు ఏడుపొక్కటే తక్కువ.

చివరికి సామ్సన్ గొంతు సవరించుకున్నాడు. "కూర్లో కారం ఎక్కువేస్తాదన్నా."

"కారానికి పెండ్లాన్నే తెల్దంటావప్పా?" అన్నాడు అయ్యన్న.

ఈలోగా సుధాకర్ భార్య మంజుల సామ్సన్ తెచ్చిన సంచి విప్పింది. మూర మల్లెపూలు, సెంటు సీసా, పూలపూల కొత్త నైటీ. మంజుల దాన్ని జ్యోత్స్న భుజాలకు ఆనించి చూసి పెదవి విరిచింది.

"ఇది మన జ్యోత్స్నకు యాడ పడుతాది? ఇంకెవురికో తెచ్చినాడు!"

సుధాకర్ బావ చొక్కా పట్టుకున్నాడు. అంతవరకూ విసుగుతో ఉన్న జ్యోత్స్న నైటీని లాక్కుని మొగుడి ముందుకు పట్టింది.

"ఎవురికయ్యా అది?"

"నీకే."

"నా కొలత నీకు తెల్దా?"

"పెండ్లప్పుడు కుట్టిచ్చిన రైక కొలత సెప్పినా అంగట్లో," అన్నాడు సామ్సన్ తల దించుకుని. "నాకు నువ్వింకా అట్లనే కనపడతావు మే."

జ్యోత్స్నకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ మాట బస్సులో అని ఉంటే ఏం పోయేది ఈ మనిషికి! కానీ సుధాకర్ నమ్మలేదు, చెయ్యి ఎత్తాడు. ఆమె చాప మీద నుంచి లేచి నిలబడింది.

"వదులు అన్నా! లాడ్జిలో గది తీసుకుందామని వచ్చినాము. తెలీనోళ్ల మాదిరి ఉందామని నేనే సెప్పినా. ఇంట్లో మాకు సందు యాడుంది? ఒక్క పూట మేమిద్దరమే ఉండల్లనుకుంటే తప్పా?"

మంజుల నైటీని గబగబా మడిచి సంచిలో పెట్టేసింది. అయ్యన్న చాలాసేపు దగ్గాడు. ఆ పద్ధతి పుట్టినప్పటి నుంచి అలాంటి కేసు రాలేదు.

"లాడ్జి ఎందుకమ్మా," అన్నాడు చివరికి. "ఇది మీ అన్న ఇల్లే కదా. అందరూ బయటికి నడవండి. మూడింటి దాంక ఎవరూ లోపలికి పోగూడదు."

అందరూ బయటికి వెళ్లారు. అయ్యన్న స్వయంగా బయట గడియ పెట్టాడు. గది దొరికింది, తలుపు పడింది. సంగతి వీధి వీధికీ తెలిసింది. జ్యోత్స్న సామ్సన్ వంక చూసింది. అతడు చెవుల దాకా ఎర్రబడిపోయి ఆమెనే చూస్తున్నాడు. ముందు ఎవరు నవ్వారో తెలియదు. ఇద్దరూ కడుపు పట్టుకుని చాపల మీద కూలబడ్డారు.

ఆ నవ్వు వినగానే, అరుగు మీద కూర్చున్న సారమ్మ పెద్దకడుబూరు బంధువులకు ఫోన్ చేసి, విడిపోయిన కాపురాన్ని తానే కలిపినానని చెప్పుకుంది.