సూపరింటెండెంటు కుర్చీ, మలయా నూడుల్స్

"మనిషి నిబ్బరాన్ని తేల్చేది డిగ్రీ కాదు, సర్వీసు కాదు. కారం! కారం ఒక్కటే!"

మలయా దేశం టూరు నుంచి తిరిగొచ్చిన రోజున మా మేనేజరుగారు ఈ మాట సెలవిచ్చారు. అక్కడ బండి మీద బియ్యపు నూడుల్స్ ఎర్రగా వేయించి ఇస్తారట. "కళ్లలో నీళ్లు తిరగాలి, కానీ చెంచా ఆగకూడదు! నేను రెండో ప్లేటు అడిగాను తెలుసా?" అన్నారు. ఆఫీసులో సూపరింటెండెంటు కుర్చీ ఖాళీగా ఉంది. అర్హులం ఇద్దరమే, నేనూ స్టోర్‌కీపరూ. అంచేత ఇద్దరం నోళ్లు తెరుచుకుని విన్నాం.

"మా ఇంట్లో ఆదివారం వచ్చిందంటే అవే సార్!" అనేశాను. నోరు ఊరుకోదు కదా!

"అయితే ఈ ఆదివారం మీ ఇంటికే వస్తున్నాం. మీ ఇద్దరి నిబ్బరమూ అక్కడే తేలిపోతుంది."

ఈ శుభవార్త విని మా ఆవిడ నెత్తి కొట్టుకుంది. "ఆ నూడుల్స్ మొహం మనమెప్పుడైనా చూశామా?"

"చూడకపోతేనేం? కుర్చీ ముఖ్యం!"

పాపం, ఎవరెవరినో అడిగి తెలుసుకుంది. వెడల్పాటి నూడుల్స్ నానబెట్టింది, రొయ్యలు వలిచింది, ఎండుమిర్చీ వెల్లుల్లీ కలిపి ముద్ద నూరింది. ఆ ఘాటుకి పక్కింటివాళ్లు కిటికీలు మూసుకున్నారు. ఈ వంటలో ఓ చిక్కుంది. అందరికీ కలిపి వేయిస్తే నూడుల్స్ అతుక్కుపోతాయి. మంట పెంచి, ఒక్కో ప్లేటూ విడిగా వేయించాలి. అతిథులకు ముందు, నాకు ఆఖరు.

ఆదివారం మేనేజరుగారూ స్టోర్‌కీపరూ వచ్చి హాల్లో కూర్చున్నారు. నేను ఊరుకున్నానా? "మంట పెంచు! గుడ్డు కొట్టు! మొలకలేవి? సాస్ పొయ్యి! సార్ వాచీ చూసుకుంటున్నారు!" అంటూ గుమ్మంలో నిలబడి ఒకటే హడావుడి.

"మీరు కాస్త అవతలికి వెళ్తారా?" అంది గరిటె ఎత్తి. వెళ్లలేదు. కుర్చీ రాకముందే అజమాయిషీ వచ్చేసింది మరి!

రెండు ప్లేట్లూ హాల్లోకి వెళ్లాయి. మేనేజరుగారు ఓ చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు.

"అబ్బబ్బ! ఇదీ కారమంటే! అచ్చం ఆ బండి దగ్గరి ఘాటే!" అంటూ చెమట తుడుచుకున్నారు.

"చెవుల్లోంచి పొగలొస్తున్నాయి సార్!" అన్నాడు స్టోర్‌కీపరు, మేనేజరుగారి కంటే ఓ చుక్క ఎక్కువే కన్నీరు కారుస్తూ. చెంచా మాత్రం ఆపలేదు.

"ఏవండీ, ఒకసారి ఇటు రండి!"

వంటింట్లో మా ఆవిడ మొహం పాలిపోయి ఉంది. "మీ గోలలో ఆ రెండు ప్లేట్లకీ మిర్చి ముద్ద వేయడమే మర్చిపోయానండీ!" అంది గుసగుసగా.

"మరి వాళ్లు ఏడుస్తున్నారే?"

"అదే నాకూ అర్థం కావట్లేదు."

"ఇంతకీ ముద్దేమైంది?"

"ఆఖర్న గుర్తొచ్చింది. కంగారులో గిన్నెంతా మీ దాంట్లోనే దులిపేశాను."

"ఏమయ్యా, నీ ప్లేటేదీ? రా, రా!" అని హాల్లోంచి కేక. నిజం చెప్తే మేనేజరుగారి కన్నీళ్లు దొంగ కన్నీళ్లయిపోతాయి. పైఅధికారి కన్నీళ్లను శంకించి బాగుపడ్డ గుమాస్తా ఎవడు? వెళ్లి కూర్చున్నాను.

మొదటి చెంచాకి నాలుక ఉందో లేదో తెలియలేదు. రెండో చెంచాకి మేనేజరుగారు ఇద్దరు కనిపించారు. చెంచా విసిరేసి, మంచినీళ్ల కూజా ఎత్తి గటగటా తాగి, మిగిలింది నెత్తిన పోసుకున్నాను!

"ఛ ఛ! చూడవయ్యా ఈ స్టోర్‌కీపర్ని! అదే వంట, అదే కారం. ప్లేటు ఖాళీ చేశాడు. నీకేదీ నిబ్బరం?" అన్నారు మేనేజరుగారు, కారం ఎరగని పెదాలు తుడుచుకుంటూ.

మర్నాడే ఆర్డరు వచ్చింది. కుర్చీ స్టోర్‌కీపరుది. నాకు ఏడుపొచ్చింది, ఈసారి మిర్చి ప్రమేయం లేకుండానే.

అంతటితో పోలేదు. కొత్త సూపరింటెండెంటుగారి అభినందన విందుకు నూడుల్స్ మా ఇంటి నుంచే రావాలట. "అదే ఘాటు ఉండాలి సుమా! ఏమాత్రం తగ్గకూడదు!" అని మేనేజరుగారు మరీమరీ చెప్పారు.

"మళ్లీ గుమ్మంలో నిలబడతారా?" అంది మా ఆవిడ, మిర్చి నూరడానికి పెద్ద గిన్నె తీస్తూ.

"నేనెందుకే? నువ్వు నింపాదిగా, ఏదీ మర్చిపోకుండా చేసుకో," అని హాల్లో పేపరు పట్టుకుని కూర్చున్నాను.