సుకెని గారి పాట ప్రత్యక్ష ప్రసారం

వినేవాళ్ళు లేకపోతే కళ చచ్చిపోతుందని, దాన్ని బతికించే భారం జావాలోని మా సోలో పురప్రజలదేనని కెనంగా రేడియోవాళ్ళు వారం రోజులు ప్రకటించారు. చావుబతుకుల వ్యవహారం కదా అని ఆదివారం పొద్దున్నే ఉన్న ఒక్క బాతిక్ చొక్కా తొడుక్కుని, నేను తొక్కే రిక్షా గేటు దగ్గర నిలబెట్టి స్టూడియోలోకి వెళ్ళాను.

అసలు సంగతి వేరే. గామెలాన్ వాద్యాల మధ్య సుకెని గారు పాడే పాటలు ఇరవై ఏళ్ళుగా రేడియోలో వింటున్నాను. మా ఆవిడ చనిపోయిన ఏడాది నన్ను నిలబెట్టింది ఆ గొంతే. మనిషిని మాత్రం ఎన్నడూ చూడలేదు.

చూశాను. వాద్యాల పక్కన ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది పెద్దావిడ. మైకు ముందు డాక్టర్ హెర్యాంతో ఉన్నారు. ఆయన వైద్యం చెయ్యరు, సంస్కృతి మీద మాట్లాడతారు.

కార్యక్రమం నడిపే రెత్నో అనే అమ్మాయి మాకు నియమాలు చెప్పింది.

"పచ్చదీపం వెలిగితే చప్పట్లు కొట్టండి. ఎర్రదీపం వెలిగితే దగ్గు కూడా రాకూడదు."

తర్వాత నా పేరు అడిగి, చేతిలో ఒక చీటీ పెట్టింది. "తుగిమన్ గారూ, ఇవాళ మీరు సామాన్య శ్రోత. ఇందులో ఉన్నది చదివితే చాలు. సొంతంగా ఏం అడక్కండి."

ఎర్రదీపం వెలిగింది. డాక్టరుగారు సుకెని గారి పాటలోని నిశ్శబ్దం గురించి అరగంట మాట్లాడారు. పాపం, నిశ్శబ్దానికి ఎక్కడా చోటు దొరకలేదు. ఆవిడ రెండుసార్లు గొంతు సవరించుకుంది. రెండుసార్లూ ఆయన చెయ్యెత్తి ఆపారు. పచ్చదీపం వెలిగింది. చప్పట్లు కొట్టాం.

కార్యక్రమం అయిపోవడానికి పది నిమిషాలుందనగా మైకు నా దగ్గరికొచ్చింది. ఈ మహత్తర వారసత్వాన్ని యువతరానికి అందించే మార్గమేమిటని చీటీలో ఉంది. నా నోట్లోంచి మాత్రం వేరే ముక్క వచ్చింది.

"అయ్యా, అమ్మగారు ఒక్క పాట పాడతారా?"

రెత్నో నెత్తిమీద చెయ్యి పెట్టుకుంది. డాక్టరుగారు కళ్ళు మూసుకున్నారు.

"చాలా లోతైన ప్రశ్న. అసలు పాడటమంటే ఏమిటి?" అన్నారు. మిగిలిన పది నిమిషాలూ ఆ లోతులోనే ఉండిపోయారు.

దీపం ఆరింది. పెద్దలంతా పక్కగదిలోని ఫలహారం పొట్లాల వైపు నడిచారు. నేను తలొంచుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళాను.

"నేను అడక్కుండా ఉంటే ఆ పది నిమిషాలైనా మీకు దక్కేవేమోనమ్మా. తప్పైపోయింది."

"వాళ్ళు నన్ను పిలిచింది కూర్చోబెట్టడానికే నాయనా," అని నవ్విందావిడ. "నీకు ఏ పాట కావాలి?"

మా ఆవిడకి ఇష్టమైన పాట చెప్పాను. రెబాబ్ వాయించే ముసలాయన కమాను అందుకున్నాడు. ఊడవడానికొచ్చిన మనిషి చీపురు గోడకి ఆనించి కింద కూర్చుంది. సుకెని గారు పాడింది. చరణానికీ చరణానికీ మధ్య ఆవిడ ఊపిరి తీసుకోవడం రేడియోలో ఎన్నడూ వినబడలేదు. ఆవేళ విన్నాను. కళ్ళు తుడుచుకోవాలని కూడా తోచలేదు.

తలుపు తెరుచుకుంది. రెత్నో తొంగిచూసి పెదవుల మీద వేలు పెట్టింది.

"అమ్మా, కాస్త ఆపండి. పక్కగదిలో డాక్టరుగారి ఇంటర్వ్యూ రికార్డవుతోంది. మన పాటలు ఇప్పుడెక్కడా వినబడటం లేదని ఆయన ఏడుస్తున్నారు. మధ్యలో మీ పాట వినబడుతోంది."