బాగుచేయకూడని లిఫ్టు

ఆ రోజు పొద్దున లిఫ్టు మాస్టారు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. టీ తాగాలి, పది నిమిషాలు ఆట ఆడుకోవాలి, పది గంటలకల్లా వెళ్ళి కొత్త కళ్ళజోడు తెచ్చుకోవాలి. ముప్ఫై నాలుగేళ్ళు లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషికి పనులు వరసగా రాసి పెట్టుకోవడం అలవాటు. టీ తాగడం వరకూ అంతా రాసుకున్నట్టే జరిగింది.

ఆట సంగతి ముందు చెప్పాలి. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టడం కూతురికి తలకు మించిన పనైపోయింది. కాలు కాస్త కదలగానే మాస్టారు కింద లిఫ్టు గదికి చేరి, కొత్తగా కాంట్రాక్టు తీసుకున్న మెకానిక్కులకు సలహాలు మొదలుపెట్టేవారు. వాళ్ళు రెండుసార్లు మర్యాదగా విని, మూడోసారి బిల్డింగ్ సెక్రటరీకి ఫిర్యాదు చేశారు. అప్పుడు అల్లుడు ఒక ఉపాయం ఆలోచించి, పాత ల్యాప్‌టాప్‌లో ఒక ఆట ఎక్కించి తెచ్చి మామగారి ముందు పెట్టాడు. అందులో మనం ఏడంతస్తుల భవనం కట్టాలి, ఫ్లాట్లలోకి మనుషుల్ని తెచ్చుకోవాలి, వాళ్ళని పైకీ కిందికీ తిప్పే లిఫ్టును కనిపెట్టుకుని ఉండాలి. మాస్టారికి అది తెగ నచ్చేసింది. కూతురు ఊపిరి పీల్చుకుంది.

ఆ పొద్దున భవనంలో ఆఖరి ఫ్లాటు కూడా నిండింది. నిండిన మరుక్షణం లిఫ్టు మూడు, నాలుగు అంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఒక ముసలావిడ, ఆవిడ కుక్క, అలమారా మోసుకొస్తున్న ఇద్దరు మనుషులు ఉన్నారు. ముసలావిడ తలుపు బాదుతోంది. మాస్టారు ఏ మీట నొక్కినా లిఫ్టు ఉలకలేదు, పలకలేదు. కాసేపటికి విసిగిపోయిన జనం ఒక్కొక్కరే సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయారు, భవనం బోసిపోయింది. మళ్ళీ మొదటినుంచి కట్టారు. మళ్ళీ అక్కడే ఆగింది. ఈసారి కూడా ముసలావిడ లోపలే ఉంది.

తన సర్వీసులో ఏ ఒక్క మనిషినీ అరగంట మించి లిఫ్టులో ఉండనివ్వలేదని మాస్టారికి గొప్ప. ఆ గొప్పతోనే ఆయన రిటైరయ్యారు, ఆ గొప్పతోనే రిటైర్మెంటును భరిస్తున్నారు. అలాంటిది కళ్ళెదుట ఒక ముసలావిడ రెండు గంటలుగా ఇరుక్కుపోయి ఉంటే కళ్ళజోడు కోసం ఎలా వెళతారు? "ఇవాళ దీని సంగతి తాడో పేడో తేల్చేస్తానమ్మా," అని కూతురికి చెప్పి కుర్చీ ముందుకు లాక్కున్నారు. ఆ ఇవాళ తొమ్మిది రోజులు సాగింది.

ఆ తొమ్మిది రోజులూ ఆయన ఉద్యోగంలో చేసినట్టే చేశారు. నోటుబుక్కు తీశారు. బరువెక్కువై ఆగిందా అని మనుషుల్ని తగ్గించి చూశారు, తలుపు సరిగా మూసుకోలేదా అని ప్రతి అంతస్తులోనూ ఆపి చూశారు, చివరికి కుక్క మీద కూడా అనుమానపడ్డారు. పదకొండోసారి భవనం కట్టినప్పుడు గుట్టు చిక్కింది. ఆఖరి ఫ్లాటు నిండక ముందే ఖాళీ లిఫ్టును రెండుసార్లు ఏడో అంతస్తుకు పంపి, అక్కడ తలుపు తెరిచి ఉంచి, కిందనుంచి మూడుసార్లు పిలవాలి. అలా చేస్తే అది ఇక ఎప్పటికీ ఆగదు. ముసలావిడ కుక్కతో సహా నాలుగో అంతస్తులో దిగి తన ఇంటికి నడిచి వెళ్ళింది. మాస్టారికి కళ్ళు చెమర్చాయి.

ఇక్కడిదాకా ఎవరికీ నష్టం లేదు. కానీ ఆయన ఉద్యోగంలో ఒక నియమం ఉండేది. మరమ్మతు పూర్తయ్యాక రిపోర్టు రాసి, నలుగురికీ కనిపించేలా ఆ లిఫ్టు తలుపుకే అంటించి మరీ రావాలి. అంటించకపోతే పని సగమే అయినట్టు లెక్క. మరి ఈ లిఫ్టుకు తలుపెక్కడ? ఆ ఆట తయారుచేసినవాళ్ళ పేజీలో ఆడేవాళ్ళంతా ఏవేవో రాసుకుంటూ ఉంటారని కూతురు చెప్పింది. అదే తలుపన్నారు మాస్టారు. ఆయన చెబుతుంటే కూతురు టైపు చేసింది. ఫిర్యాదు: లిఫ్టు మూడు, నాలుగు అంతస్తుల మధ్య నిలిచిపోవుట. కారణం: తయారీదారుల అజాగ్రత్త. తర్వాత మరమ్మతు పద్ధతి వివరంగా, దాని కింద తన పేరు, లైసెన్సు నంబరు, ఫోను నంబరు. అన్నిటికంటే కింద, సర్వీసు ఉచితం.

మర్నాటికి రెండు వేల మంది ధన్యవాదాలు చెప్పారు. మూడో నాటికి లెక్క ఆరు వేలు దాటింది. ఎవరెవరో గురువుగారూ అని ఫోన్లు చేశారు. తమ ఇంట్లో కూడా లిఫ్టు సరిగ్గా అక్కడే ఆగిందని, ఇప్పుడు బ్రహ్మాండంగా నడుస్తోందని చెప్పారు. ఇంతమంది ఇళ్ళలో ఇన్ని లిఫ్టులు ఆగిపోతే తయారీదారులు చేతులు కట్టుకు కూర్చున్నారా అని మాస్టారు మండిపడ్డారు. అయినా మనసులో పొంగిపోయారు. రిటైరయ్యాక ఆయన మాట ఇంతమంది వినడం ఇదే మొదటిసారి.

అల్లుడికి ఈ వార్త ఆఫీసులో తెలిసింది. పక్క సీటాయన ఎవరో పెద్దాయన తాళం భలే తీశాడని మెచ్చుకుంటూ ఆ రిపోర్టు చూపిస్తే, అల్లుడికి అడుగున మామగారి పేరు కనిపించింది. మధ్యాహ్నమే ఇంటికి పరుగెత్తుకొచ్చి, ఆ కాగితం తీసేద్దాం మామయ్యా అన్నాడు. ఎందుకని అడిగితే నీళ్ళు నమిలాడు. అల్లుడింట్లో ఉంటూ మామగారు మళ్ళీ పనికి దిగాడని నలుగురూ అనుకుంటారని మొహమాటపడుతున్నాడని మాస్టారు అర్థం చేసుకున్నారు. చేసే పనిలో సిగ్గేమిటో అల్లుడికి తెలియజెప్పాలని అప్పటికప్పుడు పంతం పట్టారు. ఆ సాయంత్రమే పెన్సిలుతో ఐదు బొమ్మలు గీసి, చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యేలా రెండో రిపోర్టు అంటించారు. రోజూ పది నుంచి పన్నెండు వరకూ ఫోనులో సందేహాలు తీరుస్తానని కూడా రాశారు.

నాలుగో రోజు పదిన్నరకు ఒకావిడ ఫోను చేసింది. గొంతు మెత్తగా ఉంది, కానీ బాగా అలసిపోయినట్టుంది. మాస్టారు అలవాటు ప్రకారం లిఫ్టు ఎన్నో అంతస్తులో ఆగిందని అడిగారు.

"ఆగలేదండీ. అదే ఇబ్బంది. ఆ లిఫ్టు తయారుచేసింది మేమే."

మాస్టారు నిటారుగా కూర్చున్నారు. తయారీదారులు దారికొచ్చారనుకుని, పద్ధతి రాసిచ్చినందుకు తనకేమీ అక్కర్లేదని, ఇకమీదట జాగ్రత్తగా ఉంటే చాలని పెద్దమనసుతో చెప్పారు.

"కొనుక్కున్నవాళ్ళ దగ్గర ఆ లిఫ్టు ఎప్పుడూ ఆగదండీ," అంది ఆవిడ. "కొనకుండా కాపీ తీసుకున్నవాళ్ళ దగ్గరే ఆగుతుంది. మేమే అలా పెట్టాం."

తర్వాత ఆవిడ నెమ్మదిగా మిగతాది చెప్పింది. వాళ్ళు ముగ్గురే, ఆవిడా, వాళ్ళ అన్నయ్యా, బొమ్మలు గీసే ఒక స్నేహితురాలూ. ఒకే గదిలో నాలుగేళ్ళు కూర్చుని ఆ భవనాన్ని కట్టారు. ఉత్తినే తెచ్చుకున్నవాళ్ళలో సగం మంది లిఫ్టు ఆగిన చోట విసిగి చివరికి కొనేవారు. ఆ సగం మంది మీదే ముగ్గురూ బతుకుతున్నారు. ఈ వారం కొన్నవాళ్ళు పదకొండు మంది, మాస్టారి రిపోర్టు చూసి బాగుచేసుకున్నవాళ్ళు ఇరవై వేల మంది. వచ్చే నెల గది ఖాళీ చేయాలనుకుంటున్నారు. ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని మాస్టారికి అనిపించింది.

ఫోను పెట్టేశాక ఆయనకు తల కొట్టేసినట్టయింది. ముప్ఫై నాలుగేళ్ళలో ఒక స్క్రూ కూడా సైటు నుంచి ఇంటికి తెచ్చుకోని మనిషి ఆయన. ఇప్పుడు ఇరవై వేల మందికి దొంగతాళం ఇచ్చి, అడుగున లైసెన్సు నంబరు కూడా వేసుకున్నారు.

సాయంత్రం అల్లుడు వచ్చి, మామగారి మొహం చూసి, చెప్పులు విడవడం మరిచిపోయి గుమ్మంలోనే నిలబడిపోయాడు. మాస్టారికి కోపం వస్తే మర్యాద పెరుగుతుంది. నువ్వు అనే అల్లుణ్ణి ఆ పూట మీరు అన్నారు.

"రండి అల్లుడుగారూ, కూర్చోండి. ఈ ఆట ఎంతకు కొన్నారు?"

అల్లుడు ముందు నేల చూశాడు, తర్వాత భార్య వైపు చూశాడు. అక్కడ కూడా సాయం దొరక్క నిజం ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక కాస్త ధైర్యం తెచ్చుకుని తన వాదన వినిపించాడు. వాళ్ళు అన్ని దేశాలకూ ఒకటే ధర పెట్టారు, అది మనలాంటివాళ్ళకు పది రోజుల సంసారం ఖర్చు. అయినా కాపీ తీసుకుంటే వాళ్ళ దగ్గరున్నది ఎక్కడికీ పోదు కదా అన్నాడు.

"నేను లిఫ్టు బాగుచేసి ఇంటికొచ్చాక కూడా నా చేతులు నా దగ్గరే ఉండేవి," అన్నారు మాస్టారు. "అంతమాత్రాన నాకు డబ్బివ్వనక్కర్లేదా?"

కూతురు మాత్రం ధర చూసి, మొగుడి మాటలో సగమైనా నిజముంది నాన్నా అంది. మాస్టారు ఆ ధర రెండుసార్లు చదివి, ఆ సగం ఒప్పుకున్నారు.

మర్నాడు పొద్దున్నే మాస్టారు కార్యరంగంలోకి దిగారు. అల్లుడు తాను కడతానంటే వద్దని, తన పింఛనులోంచి పూర్తి ధర కట్టి ఆట కొన్నారు. రెండు రిపోర్టులూ పీకేయించి, ఆ చోట మూడోది అంటించారు. ఫిర్యాదు: బాగుచేయకూడని లిఫ్టును బాగుచేయుట. కారణం: మెకానిక్ అజాగ్రత్త. అదంతా అయ్యాక ఆవిడకు ఫోను చేసి బేరం మొదలుపెట్టారు. డబ్బు కట్టేశాక బేరమాడే మనిషిని ఆవిడ అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

"పన్నెండంతస్తుల భవనానికీ రెండంతస్తుల ఇంటికీ మేం ఒకటే సర్వీసు చార్జీ వేసేవాళ్ళం కాదమ్మా," అన్నారాయన. "అలా వేస్తే రెండంతస్తులవాడు లిఫ్టు మానేసి మెట్లెక్కిపోతాడు. మీ ధర చూసి మావాళ్ళంతా మెట్లెక్కుతున్నారు. అది తప్పే, కాదనను. కానీ మీరు కూడా కొంచెం దిగాలి."

ఆవిడ అన్నయ్య ససేమిరా అన్నాడట. మాస్టారు పట్టిన పట్టు వదలకుండా వారం రోజులు రోజుకొకసారి ఫోను చేశారు. చివరికి వాళ్ళు ఒక్క నెల చూద్దామని ఈ ప్రాంతం వరకూ ధర మూడో వంతుకు తగ్గించారు. అల్లుడు మొదటి రోజే కొని, రసీదు తెచ్చి మామగారికి చూపించాడు. అల్లుడు మళ్ళీ నువ్వు అయిపోయాడు. అయితే కొనేవాళ్ళు పదకొండు నుంచి తొంభైకి పెరిగారే తప్ప గది నిలబడేంతగా పెరగలేదు. తొందరపాటుతో తాను అంటించిన కాగితం ముగ్గురి బతుకు మీదికి తెచ్చిందని మాస్టారికి అన్నం సయించలేదు.

దానికి తోడు మరో చిక్కు వచ్చింది. కొన్న ఆటలో లిఫ్టు ఎప్పుడూ ఆగదు. ఆఖరి ఫ్లాటు నిండింది, ముసలావిడ ఎక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది. మాస్టారు నాలుగు రోజులు ఆ పైకీ కిందికీ చూస్తూ కూర్చుని, ఐదో రోజు ఆవులించారు. ఫోను చేసి ఆవిడతో ఉన్నదున్నట్టు చెప్పేశారు, మీ లిఫ్టు బాగా నడుస్తోంది, అదే దాని లోపం అని. ఆవిడ చాలా రోజుల తర్వాత నవ్వింది. కొన్నవాళ్ళు కూడా అదే అడుగుతున్నారంది. మాస్టారి బొమ్మలు చూసి సరదాపడి, డబ్బు కట్టిన మాకేమో ఆగని లిఫ్టు, కట్టనివాళ్ళకేమో ఆగే లిఫ్టా అని నిలదీస్తున్నారట.

మాస్టారు ఇంకేమీ వినలేదు. నోటుబుక్కు తీసి, తన సర్వీసులో తనను ఏడిపించిన లిఫ్టులన్నిటినీ గుర్తు చేసుకుని, పన్నెండు రోజుల్లో పద్నాలుగు మొండి లోపాలు బొమ్మలతో సహా రాసిచ్చారు. బాగుచేయడానికి పుట్టిన మనిషి లిఫ్టును చెడగొట్టడానికి అంత దీక్షగా కూర్చోవడం చూసి కూతురు ముక్కున వేలేసుకుంది. ఆ ముగ్గురూ వాటిని ఆటలో పెట్టి, ఆ లోపాలకు వేరే ధర కట్టి, ఒక్కో ప్రాంతానికి ఒక్కో రేటు వేసి అమ్మకానికి పెట్టారు. ఆగే లిఫ్టు కోసం జనం ఎగబడ్డారు. మొదటి వారంలోనే అప్పటిదాకా జరిగిన మొత్తం అమ్మకాన్ని దాటిపోయింది, గది నిలబడింది. మాస్టారు కూడా తన లోపాలు తానే డబ్బు కట్టి కొనుక్కుని, ముసలావిడను ఇరికించి, హాయిగా కుర్చీ ముందుకు లాక్కున్నారు.

మూడో వారంలో ఎవరో ఆ పద్నాలుగు లోపాలనూ కాపీ తీసి, ఒక్క లోపం కూడా తగ్గకుండా ఊరందరికీ ఉచితంగా పంచిపెట్టారు.